యోగా మ్యాట్ కొనడం, కాపాడుకోవడం: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మా పొద్దుటి యోగా బ్యాచ్‌కి కొత్తగా వచ్చేవాళ్లు ఆసనాల కంటే ముందు మ్యాట్ గురించే అడుగుతారు. అడగాల్సిన విషయమే. మన దగ్గర ఉక్కపోత ఎక్కువ, ఇళ్లలో గ్రానైట్ నేలలు, చాలా చోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఎక్కడో చల్లటి ఊరివాళ్లు ఇచ్చిన సలహా చూసి ఇక్కడ మ్యాట్ కొంటే డబ్బు దండగవుతుంది. అందుకే మన నేల, మన చెమట, మన వానలు దృష్టిలో పెట్టుకుని జవాబులు రాస్తున్నాను.

అసలు మ్యాట్ కొనాలా? ఇంట్లో తుంగ చాప ఉంది, జంపఖానా ఉంది. వాటి మీద చేయకూడదా?

కూర్చుని చేసేవాటికి భేషుగ్గా సరిపోతాయి. ప్రాణాయామం, ధ్యానం, వజ్రాసనం లాంటి వాటికి తుంగ చాప మీద దుప్పటి మడత పెట్టి వేసుకుంటే చాలు. భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి ఆసనం ఎలా ఉండాలో చెప్పారు: మరీ ఎత్తుగా, మరీ పల్లంగా ఉండకూడదు, దర్భలు, జింకచర్మం, వస్త్రం పరుచుకోవాలి. కదలకుండా కూర్చునేవాళ్లకు చక్కటి ఏర్పాటు అది.

సూర్య నమస్కారాల సంగతి వేరు. అందులో అరచేతులను ముందుకు, పాదాలను వెనక్కి నెట్టి ఒంటి బరువంతా వాటి మీద నిలపాలి. నున్నటి నేల మీద తుంగ చాప జరిగిపోతుంది, జంపఖానా ముడతలు పడుతుంది. ఎక్కడ జారుతామో అన్న భయంతో భుజాలు బిగుసుకుపోతాయి. నిలబడి చేసే ఆసనాలు రోజూ చేస్తారనుకుంటే మ్యాట్ కొనండి.

జారని మ్యాట్ వాడకం కొత్తదే. కొన్ని దశాబ్దాల కిందట ఏంజెలా ఫార్మర్ అనే యోగా టీచర్ జర్మనీలో పాఠాలు చెబుతూ, తివాచీ కింద వేసే పట్టను కోసి వాడుకున్నారు. చిన్న వయసులో జరిగిన ఆపరేషన్ వల్ల ఆమె చేతులకు, కాళ్లకు చెమట పట్టేది కాదు, బాగా పొడిగా ఉన్న చేతులు కూడా జారతాయి. మన ఇబ్బంది దానికి సరిగ్గా వ్యతిరేకం. మే నెలలో పొద్దున ఆరింటికే అరచేతులు తడిసిపోతాయి. కాబట్టి మ్యాట్ కొనేటప్పుడు మొదట చూసుకోవాల్సింది రంగూ కాదు, మందమూ కాదు. తడి చెయ్యి దాని మీద నిలుస్తుందా లేదా అన్నది చూడాలి.

మందం ఎంత ఉండాలి? ఎంత మందంగా ఉంటే అంత మంచిదా?

కాదు. ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే. షాపులో 10 ఎంఎం, 15 ఎంఎం మ్యాట్ నొక్కి చూసి పరుపులా మెత్తగా ఉందని తీసుకుంటారు. దాని మీద ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం వేస్తే పాదం కిందకి దిగిపోయి చీలమండ అటూ ఇటూ వణుకుతుంది. అరచేతులు, పాదాలు ఆనించి నడుము పైకెత్తే అధోముఖ శ్వానాసనంలో మణికట్టు దగ్గరి అరచేతి భాగం లోపలికి కుంగి మణికట్టు మామూలు కంటే ఎక్కువ వంగుతుంది. వారం తిరిగేసరికి మణికట్టు నొప్పి అంటారు. ఆ మందపు స్పాంజి మ్యాట్లు పడుకుని చేసే వ్యాయామాలకు పనికొస్తాయి, నిలబడి చేసే ఆసనాలకు కాదు.

మన ఇళ్లలో గ్రానైట్, టైల్స్ నేలకి 5 లేదా 6 ఎంఎం సరిపోతుంది. బండి మీద క్లాసుకి మోసుకెళ్లేవాళ్లు 4 ఎంఎం తీసుకోవచ్చు. మోకాలు ఒత్తుకుంటే ఆ ఒక్క ఆసనానికి మోకాలి కింద టవల్ మడిచి పెట్టుకోండి. మోకాలి కోసమని మ్యాట్ మొత్తం మందంగా కొంటే పాదానికి నష్టం.

ఏ మెటీరియల్ మంచిది? పీవీసీ, ఈవీఏ, టీపీఈ, రబ్బరు అంటూ చాలా పేర్లు చెబుతున్నారు.

ఈవీఏ అంటే మనం వేసుకునే తేలికపాటి చెప్పుల అడుగుల్లో ఉండే స్పాంజి. బరువుండదు, ధర తక్కువ. కానీ రోజూ చేసేవాళ్లకు కొన్ని నెలల్లోనే చేతులు, పాదాలు పెట్టే చోట గుంటలు పడతాయి, ఎండ తగిలితే కుంచించుకుపోతుంది. నేర్చుకోవడం మొదలుపెట్టారు, కొనసాగిస్తారో లేదో తెలియదంటే ఇది చాలు. యోగా దినోత్సవం లాంటి పెద్ద కార్యక్రమాల్లో పంచే పల్చటి మ్యాట్లు ఎక్కువగా ఈ కోవకి చెందినవే. 2025 జూన్ 21న విశాఖలో ఆ పెద్ద కార్యక్రమం జరిగిన ఏడాది మన ఊళ్లలోనూ చాలామంది ఉత్సాహంగా మొదలుపెట్టారు. అలా ఇంటికి చేరిన మ్యాట్ ఉంటే ముందు దాన్నే వాడండి.

పీవీసీ అంటే నీళ్ల పైపులకు వాడే రకం ప్లాస్టిక్. గట్టిది, ఏళ్ల తరబడి మన్నుతుంది. చెమటను లోపలికి పీల్చదు కాబట్టి తుడవడం తేలిక. అదే దాని లోపం కూడా: పీల్చని చెమట పైనే నిలిచి చెయ్యి జారుతుంది. పైగా అది మట్టిలో కలిసేది కాదు. టీపీఈ అంటే రబ్బరులా సాగే ప్లాస్టిక్, ఆ రెండింటికీ మధ్యస్తంగా ఉంటుంది. తేలిక, వాసన తక్కువ, పట్టు పర్వాలేదు. వేడికి మాత్రం తట్టుకోలేదు.

పట్టు విషయంలో సహజ రబ్బరే నాకు నచ్చింది. రబ్బరు చెట్టు పాల నుంచి తీసేది, మన దేశంలో ఎక్కువగా కేరళలో పండేది. నేలనీ పట్టుకుంటుంది, చేతినీ పట్టుకుంటుంది. 5 ఎంఎం మ్యాట్ రెండున్నర, మూడు కిలోల దాకా తూగుతుంది కాబట్టి రోజూ మోయడం కష్టం. ఎండ, నూనె రెండూ పడవు. లాటెక్స్ అలర్జీ ఉన్నవాళ్లు, అంటే రబ్బరు గ్లోవ్స్, బెలూన్లు తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు, టీపీఈ తీసుకోండి. రబ్బరు మీద పీయూ (పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్) పూత వేసినవి కూడా వస్తున్నాయి. చెమట చేతికి వాటి పట్టు చాలా బాగుంటుంది, కానీ కాలి ముద్రలు, నూనె మరకలు అలాగే పడిపోతాయి.

కార్క్, అంటే సీసా బిరడాలకు వాడే చెట్టు బెరడు, దాని గురించి ఒక్క మాట. అది తడిస్తే పట్టు పెరిగే రకం. మన ఉక్కపోతకి బాగుంటుంది. పొడి చేతులవాళ్లకు మొదటి పది నిమిషాలు జారినట్టుంటుంది, అరచేతులు కాస్త తడి చేసుకుంటే సరిపోతుంది.

షాపులో ఎలా పరీక్షించాలి?

నెల్లూరైనా ఒంగోలైనా ట్రంకు రోడ్డు స్పోర్ట్స్ షాపుల్లో మ్యాట్‌ను కవర్లో చుట్టి నిలబెట్టి ఉంచుతారు. విప్పి చూపించమనండి. మొహమాటపడకండి. నేల మీద పరిచి, చెప్పులు విడిచి ఒక మోకాలు ఆనించండి. కింద నేల గట్టిగా తగిలితే ఆ మందం మీకు చాలదు. తర్వాత అరచెయ్యి పెట్టి బరువు వేసి ముందుకి నెట్టండి. చెయ్యి జారుతోందా, మ్యాటే సాగుతోందా, మ్యాట్ మొత్తం నేల మీద జరుగుతోందా అన్నవి మూడూ వేర్వేరు లోపాలు. చివరిగా సీసా నీళ్లతో అరచెయ్యి కాస్త తడి చేసుకుని మళ్లీ నెట్టి చూడండి. పొడి చేతికి అన్ని మ్యాట్లూ మంచివిగానే అనిపిస్తాయి. తేడా తడి చేతికే తెలుస్తుంది.

బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలితే గుంట వెంటనే పూడాలి. గోరుతో అంచు గీస్తే పొడి రాలకూడదు.

ఆన్‌లైన్‌లో అయితే?

మెటీరియల్ పేరు రాయని మ్యాట్ కొనొద్దు. "యాంటీ స్కిడ్", "ప్రీమియం" అన్న మాటలు ఎవరైనా రాసుకోవచ్చు. బరువు ఎంతో చూడండి. మందం ఎక్కువగా ఉండి బరువు మరీ తక్కువగా ఉంటే లోపల ఉన్నది గాలే. రివ్యూల్లో కొన్న రోజు రాసినవి వదిలేసి, నెలలు వాడి రాసినవి చదవండి.

నేను ఆరడుగులు ఉంటాను. మామూలు సైజు సరిపోతుందా?

సరిపోదు. మామూలుగా దొరికేది 68 అంగుళాలు, అంటే 5 అడుగుల 8 అంగుళాలు. 72 అంగుళాలది మీ ఎత్తుకి సరిగ్గా సమానం, శవాసనంలో చేతులు, కాళ్లు కాస్త చాపితే బయటికి వస్తాయి. 78 లేదా 84 అంగుళాలది వెతకండి. వెడల్పు సాధారణంగా 24 అంగుళాలు ఉంటుంది. భుజాలు వెడల్పుగా ఉన్నవాళ్లకు 26 హాయిగా ఉంటుంది.

మాది గ్రానైట్ ఫ్లోరింగ్. మ్యాటే నేల మీద జరిగిపోతోంది.

చీమకుర్తి గ్రానైట్ మన పక్కనే దొరుకుతుంది కాబట్టి ఒంగోలు చుట్టుపక్కల మామూలు ఇళ్లలోనూ అద్దంలాంటి నేలలు కనిపిస్తాయి. ఆ నునుపు మీద సన్నటి దుమ్ము ఉంటే ఎంత ఖరీదైన మ్యాటైనా జరుగుతుంది. చేసే ముందు తడిగుడ్డతో ఆ కాస్త చోటు తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. మ్యాట్ అడుగుభాగం కూడా అప్పుడప్పుడు తుడవండి. అందరూ పైభాగమే తుడుస్తారు, జరగడానికి కారణం అడుగున పేరుకున్న దుమ్ము. కల్యాణ మండపాల్లో క్లాసులు జరిగే చోట పిల్లలు క్యారమ్స్ ఆడి చల్లిన పౌడరు మిగిలి ఉంటుంది, చూసుకోండి. ఇవన్నీ చేసినా జరుగుతుంటే ఆ మ్యాట్ ఈవీఏ అయి ఉంటుంది. దానికి వేరే మందు లేదు, రబ్బరు అడుగు ఉన్నది తీసుకోవాల్సిందే.

కొత్త మ్యాట్ జారుతోంది, వాసన కూడా వస్తోంది. మోసపోయామా?

తొందరపడి తిప్పి పంపకండి. పీవీసీ మ్యాట్ మీద తయారీలో మిగిలిన సన్నటి పొర ఉంటుంది. తేలికపాటి సబ్బునీళ్లతో రెండు మూడుసార్లు తుడిస్తే, కొన్నాళ్లు వాడితే పోతుంది. అప్పటికీ పోకపోతే రాళ్లుప్పు పని చేస్తుంది. ఉప్పుకి మనకి కొదవేముంది, సముద్రం ఒడ్డంతా ఉప్పు కొఠార్లే. మ్యాట్ మీద రాళ్లుప్పు చల్లి ఒక రోజు ఉంచి, తడి బ్రష్షుతో మెల్లగా రుద్ది కడిగేయండి. ఈ చిట్కా పీవీసీకి మాత్రమే. రబ్బరు, కార్క్, టీపీఈ మీద ఉప్పు వేసి రుద్దితే పైభాగం పాడవుతుంది.

వాసనకి గాలే మందు. నీడలో రెండు మూడు రోజులు పరిచి ఉంచండి. రబ్బరు వాసన పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ముక్కు మండేంత ఘాటుగా ఉండి ఎంతకీ తగ్గకపోతే మాత్రం వాపసు ఇచ్చేయండి.

రోజూ కడగాలా?

కడగక్కర్లేదు, తుడవాలి. క్లాసు అయ్యాక తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో రెండు వైపులా తుడిచి, ఫ్యాన్ కింద పది నిమిషాలు వదిలేసి, తర్వాత చుట్టండి. చెమట తడి ఆరకుండా చుట్టేసి కవర్లో దూర్చడమే మన దగ్గర మ్యాట్లు చెడిపోవడానికి పెద్ద కారణం. ఆఫీసు టైమైపోతోందని టెన్షన్‌గా ఉంటే అలా పరిచే వదిలేసి వెళ్లండి, సాయంత్రం చుట్టుకోవచ్చు.

నెలకోసారి కాస్త శ్రద్ధగా కడగండి. లీటరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు చాలు. ఎక్కువ వేస్తే మురికి పోవడం అటుంచి, సబ్బు మ్యాట్‌లోనే ఉండిపోయి, మళ్లీ చెమట తగిలినప్పుడు నురగ వచ్చి జారుతుంది. గుడ్డ ముంచి, చేతులు, పాదాలు పెట్టే చోట్ల గుండ్రంగా తుడవండి. తర్వాత మంచి నీళ్లతో మళ్లీ మళ్లీ తుడిచి సబ్బు జిగురు పోయిందో లేదో వేలితో రాసి చూడండి. ఆ తర్వాత మ్యాట్ మీద పొడి టవల్ పరిచి, రెండూ కలిపి చుట్టి, చుట్ట మీద కాళ్లతో మెల్లగా తొక్కండి. నీళ్లన్నీ టవల్‌లోకి దిగుతాయి. విప్పి నీడలో ఆరేయండి.

వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు. నూలు మ్యాట్లు, జంపఖానాలు వేయొచ్చు, రబ్బరు మాత్రం ముక్కలై ఊడుతుంది. బకెట్లో నానబెట్టడమూ మంచిది కాదు, లోపల చేరిన నీళ్లు రోజుల తరబడి ఆరవు.

డెట్టాల్, శానిటైజర్, వెనిగర్, వేపనూనె లాంటివి వాడొచ్చా?

రబ్బరు, పీయూ మ్యాట్లకు ఇవేవీ వద్దు. ఆల్కహాల్ రబ్బరుని ఎండబెట్టి పగుళ్లు తెస్తుంది, నూనెలు మెత్తబరుస్తాయి. సబ్బునీళ్లు చేసే పని చాలు.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మ్యాట్ మీద తెల్లటి పొర కడుతోంది.

ప్రకాశం జిల్లా పడమటి వైపు నుంచి ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. గట్టి నీళ్లలో సబ్బు సరిగా కరగదు, మిగిలిన ఉప్పులు ఆరాక తెల్లగా తేలతాయి. బిందె అడుగున కట్టే పొర కూడా అదే. తోమడానికి బోరు నీళ్లు వాడినా, చివరిసారి తుడవడానికి మాత్రం ఒక చెంబు క్యాన్ నీళ్లు వాడండి. వానాకాలంలో మిద్దె మీద పట్టిన వాన నీళ్లైతే ఇంకా మంచిది.

ఎండలో ఆరేస్తే క్రిములు చస్తాయి కదా?

బట్టలకైతే ఎండ మంచిదే. రబ్బరుకి కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు రబ్బరుని పెళుసు చేస్తాయి, రంగు వెలిసి, వంచినప్పుడు సన్నటి పగుళ్లు కనిపిస్తాయి. రోహిణి కార్తె ఎండలో మిద్దె మీద టీపీఈ, ఈవీఏ మ్యాట్లు పరిస్తే అంచులు పైకి లేచిపోతాయి. వరండాలో రెండు ప్లాస్టిక్ కుర్చీల వీపుల మీదుగా వేసి ఆరనివ్వండి. తీగ మీద వేస్తే మధ్యలో శాశ్వతంగా మడత పడుతుంది, క్లిప్పులు పెడితే పళ్ల గాట్లు పడతాయి. జంపఖానాని మాత్రం హాయిగా ఎండలో వేయండి.

కార్తీకంలో వానలు పట్టుకుంటే మ్యాట్ ముక్కిపోయిన వాసన వస్తుంది, నల్ల చుక్కలు కూడా పడ్డాయి.

మన రెండు జిల్లాలకీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాల వానలే ముఖ్యం. వాయుగుండం పట్టిందంటే నాలుగైదు రోజులు గోడలు కూడా చెమరుస్తాయి. ఆ రోజుల్లో మ్యాట్ కడగొద్దు, తుడవడంతో సరిపెట్టండి. చుట్టి మూలన పెట్టకుండా పరిచే ఉంచండి లేదా గోడకి ఆనించి వదులుగా నిలబెట్టండి. ఆ నల్ల చుక్కలు బూజు. పైపైన ఉంటే సబ్బునీళ్లతో పోతుంది. కార్క్, జనపనార, నూలు మ్యాట్లలో లోపలికి దిగితే వాసన పోదు. ఆస్తమా ఉన్నవాళ్లు అలాంటి మ్యాట్ మీద ముఖం ఆనించి పడుకోకూడదు, మార్చేయండి.

తలకి కొబ్బరి నూనె రాసుకుని చేస్తే ఏమవుతుంది?

శవాసనంలో తల ఆనే చోట నూనె ఇంకి రబ్బరు మెత్తబడి జిడ్డుగా తయారవుతుంది. తల కింద చిన్న టవల్ వేసుకోండి. నెల్లూరు దోమల పుణ్యాన క్రీము రాసుకోకుండా మిద్దె మీద చేయలేమంటారు, అది నిజమే. క్రీము ముంజేతులకి, పిక్కలకి రాసి, అరచేతులు సబ్బుతో కడుక్కుని మ్యాట్ మీదకి రండి.

మైపాడు, కొత్తపట్నం బీచ్‌లో చేయడానికి మ్యాట్ తీసుకెళ్లొచ్చా?

మంచి మ్యాట్ తీసుకెళ్లకండి. ఇసుక రేణువులు పైభాగాన్ని గరుకు కాగితంలా గీస్తాయి. ఉప్పుగాలి తడి మ్యాట్‌లో చేరితే ఎంతకీ ఆరదు, ఎందుకంటే ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది. పొడి ఇసుకలో మణికట్లు కుంగిపోతాయి కాబట్టి అల వెనక్కి తగ్గాక గట్టిపడిన తడి ఇసుక మీద జంపఖానా వేసుకోండి. మ్యాటే తీసుకెళ్లి ఉంటే ఇంటికి రాగానే ముందు దులిపి, తర్వాతే తుడవండి. తడిసిన ఇసుకని రుద్దితే గీతలు పడతాయి.

మా అమ్మకి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఆమెకి ఎలాంటిది కొనాలి?

ముందు డాక్టరుని అడిగి ఏ ఆసనాలు చేయొచ్చో తెలుసుకోండి. మ్యాట్ 6 ఎంఎం రబ్బరు లేదా టీపీఈ. మెత్తగా ఉండాలని 15 ఎంఎం తీసుకోకండి, పెద్దవాళ్లకి తూలి పడే ప్రమాదం దాని మీదే ఎక్కువ. అంచు పైకి లేచిన మ్యాట్ కూడా వాళ్లకి ప్రమాదమే, కాలు తట్టుకుంటుంది. పైభాగం బయటికి వచ్చేలా చుడితే పరిచినప్పుడు అంచులు నేలకి అణిగి ఉంటాయి. కుర్చీలో కూర్చుని చేసేవాళ్లైతే కుర్చీ కాళ్లు నాలుగూ మ్యాట్ మీదే ఉండాలి, రెండు లోపల రెండు బయట ఉంటే ఊగుతుంది. మడిచిన దుప్పటి ఒకటి ఎప్పుడూ పక్కన పెట్టండి.

ఇంట్లో అందరం ఒకే మ్యాట్ వాడొచ్చా?

తుడిచి వాడుకుంటే వాడొచ్చు. తామర గానీ, కాలివేళ్ల మధ్య పాచిన పుండ్లు గానీ ఎవరికైనా ఉంటే మాత్రం వాళ్ల మ్యాట్, టవల్ వేరుగా ఉండాలి. ఉక్కపోత ఊళ్లలో తామర ఇంటిల్లిపాదికీ పాకుతుంది. క్లాసులో ఇచ్చే మ్యాట్ మీద మీ సొంత టవల్ పరుచుకోండి, ఎవరేమనుకుంటారో అని చూడొద్దు.

ఎక్కడ పెట్టాలి?

బీరువా మీద కాదు, వేసవిలో శ్లాబు వేడంతా అక్కడే ఉంటుంది. కారు డిక్కీలో అసలే వద్దు. కలరా ఉండలు వేసిన అల్మరాలో కూడా పెట్టకండి, ఆ వాసన మ్యాట్‌కి పట్టి శవాసనంలో ఊపిరి తీసుకోనివ్వదు. తలుపు వెనక గాలి ఆడే చోట నిలబెడితే చాలు.

ఎన్నాళ్లకి మార్చాలి? పాతదాన్ని ఏం చేయాలి?

నెలల లెక్క లేదు. పొడి రాలుతున్నా, పాదాల చోట గుంటలు పూడకపోయినా, శుభ్రంగా ఉన్నప్పుడు కూడా జారుతున్నా మార్చండి.

పాతదాన్ని పారేయకముందు కోసి వాడుకోండి. పూజ గదిలో కూర్చోడానికి ఒక ముక్క, వాషింగ్ మెషీన్ కాళ్ల కిందకి నాలుగు ముక్కలు, గ్రైండర్ అదురు తగ్గడానికి ఒకటి. మిగిలింది మున్సిపాలిటీ బండిలో పొడి చెత్తలో వేయండి. ఒక విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను: భోగి మంటల్లో వేయకండి. ఇంట్లో పాత సామానంతా తెల్లవారుజామున మంటలో వేసే అలవాటు మనకుంది, మ్యాట్ కూడా అందులోకి పోతోంది. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ లాంటి విషవాయువులు వస్తాయి, ఆ మంట చుట్టూ నిలబడేది చలి కాచుకునే పిల్లలూ ముసలివాళ్లూ. మంటలోకి పిడకలు, కట్టెలు చాలు.